పాత డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మేసి మిర్రర్‌లెస్ కొనాలా..? తిరుపతి, చిత్తూరు ఫొటోగ్రాఫర్లు ముందుగా వేసుకోవాల్సిన లెక్క ఇదీ..

తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం. తిరుచానూరు దగ్గర ఓ కల్యాణ మండపం. జీలకర్ర బెల్లం అయ్యింది, అడ్డుతెర తీశారు, పెళ్లికొడుకు తాళి కట్టాడు. ఫొటోగ్రాఫర్ గబగబా ముప్పై షాట్లు కొట్టాడు. స్టూడియోకి వెళ్లి కంప్యూటర్‌లో పెద్దగా చేసి చూస్తే.. ఫోకస్ పెళ్లికూతురి కళ్ల మీద లేదు, ముందు ఎగిరిన అక్షింతల మీదుంది. మళ్లీ ఒకసారి కట్టండి అని అడగడానికి లేదు కదా!

ఇలాంటి రాత్రి ఒక్కటి ఎదురైతే చాలు.. పదేళ్లుగా అన్నం పెట్టిన డీఎస్‌ఎల్‌ఆర్ మీద అనుమానం మొదలవుతుంది. పక్క స్టూడియో అబ్బాయి మిర్రర్‌లెస్ తీసుకున్నాడని, రీల్స్‌లో దాని క్వాలిటీ అదిరిపోతోందని వింటే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఒకే కెమెరా మీద బతికే చిన్న స్టూడియోలకు ఇది సరదా ప్రశ్న కాదు. లోన్ తీసుకుని కొంటే నెలనెలా ఈఎంఐ కట్టాలి. కొనకపోతే వచ్చే సీజన్‌లో బుకింగ్‌లు పోతాయేమోనని భయం. అందుకే కెమెరా మోడల్ పేరు కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

అద్దం పోయింది.. మారిందేంటి?

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ నుంచి వచ్చే వెలుగు ఒక అద్దం మీద పడి పైనున్న వ్యూఫైండర్‌లోకి వెళ్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది. ఆ 'టక్' మనే చప్పుడు అద్దం, షట్టర్ కలిసి చేసేదే. మిర్రర్‌లెస్‌లో అద్దం ఉండదు. సెన్సర్ ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. దాని మీద కనిపించేదే చిన్న స్క్రీన్‌లో మన కంటికి కనిపిస్తుంది. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కోసం అద్దం కింద వేరే చిన్న సెన్సర్ పనిచేస్తుంది, ఎక్కువ మోడళ్లలో దానికి ముఖం, కన్ను తెలియవు. కొన్ని పాయింట్లు తెలుసు, అంతే. మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది కాబట్టి కన్ను ఎక్కడుందో పట్టుకుని దాని వెంటే వెళ్తుంది.

మొదటి మిర్రర్‌లెస్ కెమెరా పానాసోనిక్ లూమిక్స్ జీ1. అది 2008లో వచ్చింది. అదే ఏడాది కెనాన్ 5డి మార్క్ 2 కూడా వచ్చింది. మన పెళ్లి వీడియోలకు సినిమా లుక్ తెచ్చిపెట్టిన కెమెరాల్లో అదొకటి. 2013లో సోనీ ఏ7 ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తెచ్చింది. 2018లో కెనాన్, నికాన్ కూడా తమ కొత్త మౌంట్‌లతో బరిలోకి దిగాయి. 2020 వచ్చేసరికి ప్రపంచవ్యాప్తంగా షిప్పింగ్ అయిన కెమెరాల్లో మిర్రర్‌లెస్‌లు డీఎస్‌ఎల్‌ఆర్‌లను దాటేశాయి. 1డి ఎక్స్ మార్క్ 3 తర్వాత ఇక ఫ్లాగ్‌షిప్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉండదని కెనాన్ అధినేత ఫుజియో మితరాయ్ 2021 చివర్లో ఓ జపాన్ పత్రికకు చెప్పారు. పెంటాక్స్ లాంటి ఒకరిద్దరు తప్ప పెద్ద కంపెనీలు కొత్త లెన్స్‌లన్నీ మిర్రర్‌లెస్‌కే చేస్తున్నాయి.

అంటే ఇవాళో రేపో అందరూ మారాల్సిందే. కానీ కంపెనీ మారినప్పుడే మనమూ మారాలని రూలేం లేదు. చేతిలో ఉన్న కెమెరా ఏ పనిలో ఓడిపోతోందో తేల్చుకున్నాకే మారాలి.

ముహూర్తం దగ్గర ఏది గెలుస్తుంది?

క్యాండిడ్ ఫొటోలు తీసేవాళ్లకు మిర్రర్‌లెస్ డబ్బు తిరిగిచ్చేది ఇక్కడే. తలంబ్రాల టైమ్‌లో గింజలు అడ్డంగా ఎగురుతుంటాయి. హోమం పొగ లేస్తుంటుంది. ఎఫ్1.8లో 85 ఎంఎం లెన్స్ పెట్టి తీస్తే కన్నుకీ చెవికీ మధ్యే ఫోకస్ తేడా తెలిసిపోతుంది. ఇలాంటి చోట కన్ను పట్టే ఆటోఫోకస్ ఉంటే వందలో బాగొచ్చే ఫొటోల సంఖ్య పెరుగుతుంది. పైగా ఎక్స్‌పోజర్ ఎలా ఉండబోతోందో బటన్ నొక్కక ముందే కనిపిస్తుంది. వెనుక ఎల్‌ఈడీ వాల్ వెలుగుతుంటే ముందున్న జంట ముఖాలు నల్లబడటం చాలామందికి అనుభవమే, అది అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు.

అయితే అన్నిచోట్లా ఇదే మాయ పనిచేస్తుందనుకోవద్దు. తిరుపతి గంగమ్మ జాతరకు వెళ్తే ఆ సంగతి అర్థమవుతుంది. 'పుష్ప 2' సినిమాలో అల్లు అర్జున్ మాతంగి వేషం చూసినవాళ్లందరికీ ఈ జాతర గుర్తుండే ఉంటుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం.. ముఖమంతా రంగు పూసుకుని జనంలో పరుగెత్తుతుంటారు. కుంకుమ, సున్నం, బొగ్గు నిండిన ముఖాన్ని కెమెరా ఒక్కోసారి ముఖమని గుర్తుపట్టకపోవచ్చు. అక్కడ పాత పద్ధతిలో ఒక పాయింట్ ఎంచుకుని కొట్టడమే నయం. అది చేతకావాలంటే డీఎస్‌ఎల్‌ఆర్ మీద నేర్చుకున్న చేయే కావాలి.

ఇక 'ట్రెడిషనల్' ఫొటోలు.. అంటే స్టేజ్ మీద వరుసగా బంధువులు నిలబడి, ఫ్లాష్ వేసి తీసేవి. వీటికి మిర్రర్‌లెస్‌తో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎఫ్5.6లో, ఫ్లాష్ వెలుగులో, కదలకుండా నిలబడ్డ పదిమందిని 2012 నాటి 5డి మార్క్ 3 అయినా, 2014 నాటి నికాన్ డి750 అయినా ఇవాళ్టికీ చక్కగా తీస్తాయి. పాస్‌పోర్ట్ ఫొటోలు, స్కూల్ గ్రూప్ ఫొటోలు, షాపు ప్రొడక్ట్ ఫొటోలదీ అదే కథ.

మెగాపిక్సెల్ లెక్క కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. కరిజ్మా ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీ నిండా ఒకే ఫొటో వేసినా, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400.. అంటే సుమారు 19 మెగాపిక్సెల్. డి750లో 24 ఉన్నాయి, 5డి మార్క్ 4లో 30 ఉన్నాయి. ఆల్బమ్ కోసమే అయితే మెగాపిక్సెల్ పేరు చెప్పి కొత్త కెమెరా కొనక్కర్లేదు.

వీడియో చేసేవాళ్ల సంగతి వేరు

ఇప్పుడు పెళ్లివాళ్లు ఆల్బమ్ కంటే ముందు అడిగేది రీల్. పెళ్లైన రెండు రోజులకే టీజర్ స్టేటస్‌లో పడాలి. ఇక్కడ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు నిజంగానే వెనకబడ్డాయి. అయితే అన్నీ ఒకేలా కాదు, ఇది తప్పకుండా చూసుకోవాలి.

కెనాన్‌లో 70డి, 80డి, 200డి, 6డి మార్క్ 2, 5డి మార్క్ 4 మోడళ్లలో డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉంది. వెనక స్క్రీన్ మీద చూస్తూ వీడియో తీస్తే ఇవి ఫోకస్ బాగానే పట్టుకుంటాయి. అదే 1500డి, 5డి మార్క్ 3, మొదటి 6డి, నికాన్ డి750, డి5600 అయితే వీడియోలో ఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. చేత్తో తిప్పుకోవాల్సిందే. ఫుల్ హెచ్‌డీ చాలనుకుంటే మొదటి గుంపువాళ్లు ఇంకో రెండు సీజన్లు ఆగినా నష్టం లేదు. రెండో గుంపులో ఉండి గింబల్ మీద వీడియో చేసేవాళ్లు మాత్రం ఎక్కువ ఆలోచించక్కర్లేదు, మారిపోవచ్చు.

4కే కావాలంటే ఇంకో మెలిక ఉంది. డి750లో 4కే లేదు. 5డి మార్క్ 4లో ఉంది కానీ ఫ్రేమ్ దాదాపు 1.7 రెట్లు క్రాప్ అవుతుంది. అంటే 24 ఎంఎం లెన్స్ దాదాపు 41 ఎంఎం లెన్స్‌లా మారిపోతుంది. ఇరుకైన మండపంలో వెనక్కి జరగడానికి జాగా ఎక్కడిది?

ఎల్‌ఈడీ స్క్రీన్‌కీ, యూట్యూబ్ లైవ్‌కీ కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ వైర్ ఇవ్వాల్సిన పని ఉంటే అదీ చూసుకోవాలి. చాలా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో స్క్రీన్ మీది అంకెలు, ఫోకస్ గడి కూడా బయటికి వెళ్లిపోతాయి. పెళ్లి లైవ్‌లో పెళ్లికూతురి ముఖం మీద బ్యాటరీ గుర్తు కనిపిస్తే బాగుంటుందా?

కెమెరా కంటే లెన్స్ ముఖ్యం

మారాలని నిర్ణయం తీసుకున్నాక చాలామంది చేసే పొరపాటు.. పాత కెమెరా, లెన్స్‌లు కలిపి గంపగుత్తగా అమ్మేయడం. లెన్స్‌లే అసలు ఆస్తి. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్ పెడితే కెనాన్ మిర్రర్‌లెస్ మీద పూర్తి ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి. పాత 70-200 లాంటి మంచి లెన్స్‌కు కొత్త బాడీ మీద ఇంకో జీవితం వచ్చినట్టే.

నికాన్ వాళ్లు కాస్త జాగ్రత్త పడాలి. ఏఎఫ్-ఎస్ లెన్స్‌లకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఇబ్బంది లేదు. కానీ స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే 50 ఎంఎం 1.8డి, 85 ఎంఎం 1.8డి లాంటివాటికి లెన్స్‌లో మోటార్ ఉండదు, కెమెరా బాడీలోని మోటారే తిప్పుతుంది. ఎఫ్‌టీజెడ్‌లో ఆ మోటార్ లేదు. కాబట్టి అవి జెడ్ కెమెరాల మీద చేత్తో ఫోకస్ చేసుకునే లెన్స్‌లుగా మిగిలిపోతాయి. ఈ విషయం తెలియక బాడీ కొని, తర్వాత లెన్స్‌లకు మళ్లీ డబ్బు పెట్టాల్సి వస్తే బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది.

కెనాన్ నుంచి సోనీకి వెళ్లేవాళ్లు వేరే కంపెనీల అడాప్టర్లు వాడొచ్చు. ఫొటోలకు ఫర్వాలేదు, వీడియోలో మాత్రం ఆ ఫోకస్‌ను నమ్ముకోలేం. అయితే సోనీ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ లెన్స్‌లు చాలా దొరుకుతాయి. పాత లెన్స్‌లు రెండే ఉంటే, అవీ కిట్ లెన్స్‌లే అయితే, కంపెనీ మారడానికి ఇదే సరైన టైమ్.

ఫ్లాష్ సంగతీ మర్చిపోవద్దు. కెనాన్ ఆర్50 లాంటి చిన్న బాడీలో పాత స్పీడ్‌లైట్ పెట్టాలంటే వేరే షూ అడాప్టర్ కొనాలి. సోనీకి వెళ్తే ఫ్లాష్, ట్రిగర్ కూడా సోనీ రకానివే ఉండాలి.

కొన్నాక తెలిసే ఇబ్బందులు

బ్యాటరీ.. ఇది మొదటి దెబ్బ. డి750 ఒక చార్జింగ్‌తో కంపెనీ లెక్కలో 1,230 ఫొటోలు తీస్తుంది. కెనాన్ ఆర్8 అయితే స్క్రీన్ మీద 290. నిజంగా వాడినప్పుడు రెండూ ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి కానీ, తేడా తేడానే. సాయంత్రం రిసెప్షన్ నుంచి తెల్లవారి అప్పగింతల దాకా నిలబడాలంటే మూడు, నాలుగు బ్యాటరీలు జేబులో ఉండాలి.

కార్డ్ స్లాట్.. దీని మీద అసలు చర్చే జరగదు. డి750, 5డి మార్క్ 3లో రెండు కార్డులు పెట్టుకోవచ్చు. ఒకటి పాడైనా రెండో దాంట్లో పెళ్లి భద్రంగా ఉంటుంది. తక్కువ ధరకు వస్తోందని ఆర్8, జెడ్50, లేదా మొదటి జెడ్6 తీసుకుంటే ఉండేది ఒక్కటే స్లాట్. పెళ్లిళ్ల పని చేసేవాళ్లకు ఇది కొత్త కెమెరా కొని వెనక్కి వెళ్లడమే. ఆర్6, జెడ్6 2, సోనీ ఏ7 3 లాంటివాటిలో రెండేసి స్లాట్‌లున్నాయి. సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే, పెళ్లిళ్లకు అలాంటివే చూసుకోవాలి.

లేజర్ లైట్.. సంగీత్, రిసెప్షన్‌లలో డీజేతో పాటు లేజర్‌లు వచ్చేశాయి. ఆ కిరణం నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ మీద చెరిగిపోని గీతలు, చుక్కలు పడొచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫొటోలు తీసేటప్పుడు అద్దం అడ్డుంటుంది కాబట్టి ముప్పు కొంత తక్కువ. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అలాంటి ఫంక్షన్‌కు పాత డీఎస్‌ఎల్‌ఆర్ పట్టుకెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. లేదంటే ఈవెంట్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.. "అన్నా, లేజర్ స్టేజ్ వైపు, కెమెరా వైపు తిప్పొద్దు" అని.

సైలెంట్ షట్టర్.. పురోహితుడు మంత్రం చదువుతుంటే చప్పుడు లేకుండా తీయొచ్చని అందరికీ ముచ్చటే. కానీ ఎల్‌ఈడీ లైట్ల కింద ఆ మోడ్‌లో ఫొటో మీద అడ్డ చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ స్పీడ్ 1/50 లేదా 1/100లో పెడితే చాలావరకు తగ్గుతాయి. డెకరేషన్ లైట్ల దగ్గర మామూలు షట్టరే నమ్మకం.

వేడి.. మే నెల తిరుపతి ఎండలో, బయట 4కే వీడియో ఆపకుండా తీస్తే చిన్న మిర్రర్‌లెస్‌లు వేడెక్కి ఆగిపోతాయి. 2020లో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు ప్రపంచమంతా దీని గురించే మాట్లాడుకుంది. తర్వాతి మోడళ్లు చాలా మెరుగయ్యాయి. అయినా తలకోన, చంద్రగిరి కోట దగ్గర మధ్యాహ్నం ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకుంటే కెమెరాకూ గొడుగు పట్టాల్సిందే. (చంద్రగిరి కోట పురావస్తు శాఖ పరిధిలో ఉంది కాబట్టి ట్రైపాడ్, పెద్ద సెటప్‌తో వెళ్లేముందు పర్మిషన్ సంగతి కనుక్కోవాలి.)

కంప్యూటర్.. కొత్త కెమెరాల 10 బిట్ వీడియో పాత కంప్యూటర్‌లో ప్లే కూడా కాదు. మిక్సింగ్ బయట ఇచ్చేవాళ్లకు ఇబ్బంది లేదు. సొంతంగా చేసుకునేవాళ్లు కెమెరా బడ్జెట్‌లోనే దీన్నీ కలుపుకోవాలి.

బరువు తగ్గుతుందని చెప్పే మాటలో సగమే నిజం. 5డి మార్క్ 4 బ్యాటరీతో కలిపి 890 గ్రాములు, ఆర్6 మార్క్ 2 అయితే 670 గ్రాములు. కానీ ముందు తగిలించే 24-70 లెన్స్ బరువు తగ్గదు. తిరుమలలో పెళ్లి ఒప్పుకుని కొండెక్కేవాళ్లకు ఆ 220 గ్రాములు కాస్త ఊరటే. శ్రీవారి ఆలయంలోకి ఎలాగూ ఏ కెమెరానూ అనుమతించరు. కొండ మీద డ్రోన్ ఎగరేయడం కూడా నిషేధమే.

లెక్క ఎలా వేయాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, మార్కెట్ రేట్లు కావు. కొత్త బాడీ 1,60,000 రూపాయలు. అడాప్టర్, రెండు బ్యాటరీలు, కార్డులకు ఇంకో 25,000. పాత బాడీ అమ్మితే 35,000 వచ్చింది. చేతి నుంచి పడేది 1,50,000. ఏడాదికి 25 పెళ్లిళ్లు చేసే స్టూడియోకి మూడేళ్లలో 75 పెళ్లిళ్లు.. ఒక్కో పెళ్లికి 2,000 రూపాయలు పడుతుంది. వీడియో రేటు ఆ మేరకు పెంచగలిగితే కెమెరా తన డబ్బు తానే కట్టుకుంటుంది. ఏడాదికి 8 పెళ్లిళ్లే ఉంటే మాత్రం ఒక్కోదానికి 6,250. అప్పుడు కొనడం కంటే పెద్ద బుకింగ్ వచ్చిన రోజున అద్దెకు తెచ్చుకోవడం తెలివైన పని. రెండు మూడుసార్లు అద్దెకు తెస్తే ఆ కెమెరా చేతికి సరిపోతుందో లేదో కూడా తెలిసిపోతుంది.

కెమెరా మీద జీఎస్టీ 18 శాతం. 2019 జనవరికి ముందు 28 శాతం ఉండేది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి రెగ్యులర్ స్కీమ్‌లో ఉన్న స్టూడియోలు సరైన బిల్లు తీసుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనేవాళ్ల దగ్గర ఆ క్రెడిట్ పోతుంది, ఇండియా వారంటీ కూడా అనుమానమే.

సెకండ్ హ్యాండ్ కోసం చెన్నై, బెంగళూరు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే షట్టర్ కౌంట్ అడగాలి. 5డి మార్క్ 4, డి750 షట్టర్లకు కంపెనీ చెప్పే ఆయుష్షు 1,50,000 షాట్లు. అక్కడికెళ్లాక ఎఫ్16లో తెల్ల గోడను ఒక ఫొటో తీసి పెద్దగా చేసి చూస్తే దుమ్ము తెలుస్తుంది. లెన్స్‌కు మూత పెట్టి ఒక లాంగ్ ఎక్స్‌పోజర్ తీస్తే సెన్సర్‌లో మెరిసే చెడు చుక్కలు, లేజర్ దెబ్బలు బయటపడతాయి. మిర్రర్‌లెస్‌లో వీడియో ఎన్ని గంటలు తీశారో షట్టర్ కౌంట్ చెప్పదు. రోజంతా లైవ్‌లకు వాడిన బాడీకి కూడా కౌంట్ తక్కువే కనిపించొచ్చు.

పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు ఒక మాట. పులికాట్ ఫ్లెమింగోలు, నేలపట్టు పెలికాన్‌ల కోసం సూళ్లూరుపేట వైపు వెళ్లేవాళ్ల దగ్గర నికాన్ డి500, కెనాన్ 7డి మార్క్ 2 ఉంటే అవి ఇప్పటికీ మంచి కెమెరాలే. పక్షి కన్ను పట్టే కొత్త బాడీలు పని సులువు చేస్తాయి, నిజమే. కానీ ఆ డబ్బుతో ఒక మంచి 150-600 లెన్స్ వస్తే ముందు లెన్సే కొనుక్కోవచ్చు.

ఎప్పుడు మారాలి?

సీజన్ మధ్యలో మాత్రం వద్దు. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ఒకదాని వెంట ఒకటి పెళ్లిళ్లు ఉంటే కొత్త కెమెరా మెనూ నేర్చుకోవడానికి టైమ్ ఎక్కడుంటుంది? ఆషాఢం, మూఢం రోజుల్లో ముహూర్తాలుండవు. నేర్చుకోవడానికి అదే సమయం. మూఢంలో కొత్త వస్తువు కొనకూడదని పట్టింపు ఉన్నవాళ్లు ముందే తెచ్చుకుని, ఆ ఖాళీలో ఇంట్లో పిల్లల మీద, వీధిలో బండ్ల మీద ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

మొదటి రెండు మూడు పెళ్లిళ్లకు కొత్త కెమెరాను క్యాండిడ్‌కు, పాతదాన్ని స్టేజ్ ఫొటోలకు పెట్టుకుంటే రిస్క్ తగ్గుతుంది. పాతది అమ్మడం ఆ తర్వాత చూసుకోవచ్చు. ఎలాగూ ధర రోజురోజుకూ పడుతున్న బాడీ.. ఇంకో రెండు నెలలు ఉంచుకుంటే పోయేది కొద్దిగానే. తాళి కట్టే టైమ్‌కు కొత్తది మొరాయిస్తే చేతికందేది అదే. రెండు కెమెరాలతో వెళ్లే ముందు రోజు రాత్రి రెండింట్లోనూ టైమ్, తేదీ ఒకేలా పెట్టుకోవాలి. లేదంటే మిక్సింగ్‌కు కూర్చున్నాక ఫైళ్లు టైమ్ ప్రకారం సర్దితే.. తాళి ముందు, జీలకర్ర బెల్లం తర్వాత వస్తాయి.